ఎద్దు, గడియారం, పుల్ల

జూలై 3

ఇన్నేళ్ళ సర్వీసులో బస్సుతో కోడిపిల్లని కూడా గుద్దలేదు. ఆగి ఉన్న బస్సు మెట్టు మీంచి జారిపడి నా మోకాలిచిప్ప నేనే పగలగొట్టుకున్నాను. డిపోలో ఇంకో పదేళ్ళపాటు ఇదే చెప్పుకుని నవ్వుతారు.

ఆపరేషన్ బాగానే అయింది. ఎముక అతుక్కుంది. మోకాలు మాత్రం వంగనని మొండికేసింది. ఎడమ కాలు. అంటే క్లచ్ కాలు. సర్జన్ ఈ రోజు తేల్చి చెప్పేశాడు. నెలాఖరు రివ్యూకి వెళ్ళేలోపు ఫిజియో గదిలోని సైకిల్ పెడల్ ఒక్క పూర్తి చుట్టు తిప్పగలగాలట. తిప్పితే మిగతాది మెల్లగా దానంతట అదే వస్తుందట. తిప్పలేకపోతే మత్తిచ్చి, కాలు బలవంతంగా వంచి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

డిపో మేనేజర్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాను. అన్ని నెలలు నా రూట్ ఖాళీగా ఉంచడం కష్టమని, ఎంక్వైరీ కౌంటర్లో కుర్చీ ఒకటి ఉందని అన్నాడు. ఎప్పుడూ లేనంత మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదకే భయం వేసింది. నాకు స్టీరింగ్ ముందు తప్ప ఇంకో కుర్చీలో కూర్చోవడం రాదు.

జూలై 4

మొదటి సెషన్. సాయంత్రం నాలుగింటికి.

గదిలో రెండు సైకిళ్ళు నేలకి బిగించి ఉన్నాయి. ఒకదాని మీద నేను. రెండోదాని మీద ఒక రిటైర్డ్ జడ్జి గారు, తుంటి ఆపరేషన్ అయినాయన. ఎదురుగా గోడకి టీవీ. అందులో నిజం సైకిళ్ళు. పెద్ద రేసు ఈ రోజే మొదలైందట. మూడు వారాలకి పైగా సాగుతుందని, రోజుకో స్టేజ్ అని, అన్ని రోజుల టైమూ కలిపితే ఎవరిది తక్కువో వాడిదే గెలుపని జడ్జి గారు తీర్పు చదివినట్టు చదివారు.

ఫిజియో అమ్మాయి వయసు నా వయసులో సగం ఉంటుంది. పెడల్ ముందు వెనక్కి తిప్పి చూడమంది. మోకాలికి అది తేలికట. మొదటి చుట్టు చాలామందికి వెనక్కే వస్తుందట. బండి ముందుకు నడపడానికే నాకు లైసెన్స్ ఇచ్చారని, ఆ టీవీలో వెనక్కి తొక్కేవాడు ఒక్కడుంటే చూపించమని అన్నాను. నవ్వి, మీ ఇష్టం అక్కా అంది.

ముందుకే తొక్కాను. పెడల్ పైకి వస్తుంది, వస్తుంది, తలుపు కింద రాయి అడ్డం పెట్టినట్టు ఆగిపోతుంది. నొప్పికి చెవుల్లోంచి పొగ వచ్చింది.

జూలై 6

ఎవరు గెలుస్తారన్నది జడ్జి గారు ముందే తేల్చేశారు. ఆయన మనిషికి నేను గడియారం అని పేరు పెట్టాను. ఒంటరిగా టైమ్ మీద పరిగెత్తే స్టేజ్‌లో వాడికి ఎదురు లేదట. కొండ మీద ఎవడైనా దూకుడుగా ముందుకుపోతే వెంటపడడట. తన లెక్కలో తాను తొక్కుకుంటూ పోయి పైన కలుస్తాడట. నిదానమే ప్రధానం అన్నారు.

నాది ఎద్దు. భుజాలు చూస్తే సైకిల్ మీద జాలి వేస్తుంది. కొండ ఎక్కేటప్పుడు రొప్పుతాడు, నిజమే. దిగేటప్పుడు చూడాలి వాడిని. ఆరేళ్ళు కొండ రూట్ నడిపినదాన్ని, నాకు తెలుసు. కొండ ఎక్కడం ఇంజన్ పని. దిగడమే డ్రైవర్ పని. ఈ మాట జడ్జి గారితో అంటే, అభ్యంతరం నమోదు చేసుకున్నాం అన్నారు.

ఇంటికొచ్చి మా ఆయనకి, అత్తయ్యకి ఇదంతా చెప్పాను. ఆయన వంటింట్లోంచి ఊఁ కొట్టారు. అత్తయ్య మాత్రం టీవీ పెట్టించుకుని హైలైట్స్ చూసింది. అందరినీ పెళ్ళిచూపుల్లో చూసినట్టు ఎగాదిగా చూసి, పక్కనే వస్తున్న ఒక బక్కవాడి దగ్గర ఆగింది. వాడే గెలుస్తాడంది. ఎందుకు అంటే, అంత పుల్లలా ఉండి కూడా వీళ్ళ పక్కన రొప్పకుండా వస్తున్నాడు కదా, చూడ్డం లేదా అంది. వాడికి ఇంట్లో సరిగా పెట్టరేమో అని కాసేపు బాధపడింది.

జూలై 9

ఈ రోజు గదిలో పెద్ద రభస. భుజం పేషెంట్లు, నడుము పేషెంట్లు కూడా దిగారు. సగం మంది గడియారం పార్టీ, సగం ఎద్దు పార్టీ. పుల్ల పేరు ఎత్తింది నేనే, అత్తయ్య తరఫున. అందరూ నవ్వారు. వాడి టీమ్‌లో కొండల్లో తోడుండేవాళ్ళే లేరట. అనుభవం లేదట. గాలి వీచిన రోజు పక్కకి ఎగిరిపోతాడట.

ఎద్దు వెనకబడిన ప్రతిసారీ నా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంది. ఎండ. గాలి. టైర్లు. జడ్జి గారు ఓపిగ్గా విని, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నారు. నాకు ప్రస్తుతం ఒకటిన్నరే ఉన్నాయి సార్ అన్నాను. అప్పుడు ఆయన నవ్వారు. మొదటిసారి.

జూలై 12

ఎద్దు నలభై సెకన్లు వెనక. మోకాలు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

జూలై 14

జడ్జి గారి పెడల్ పూర్తి చుట్టు తిరిగింది. వెనక్కి.

గదంతా చప్పట్లు. ఫిజియో అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేనేం చేశాను? రివర్స్‌లో తిరిగింది లెక్కలోకి రాదు సార్ అన్నాను. గట్టిగా, అందరికీ వినపడేలా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ తొక్కారు, మళ్ళీ వెనక్కే.

అసూయ. ఇంకో పేరు లేదు దానికి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తిప్పలేక పెడల్‌కి వంక పెట్టాను. ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. ఆయన మోకాలికి ఐస్ పెట్టి, టీవీ పెట్టి, కుర్చీ జరిపి వెళ్ళిపోయారు. అరవడానికి మనిషి దొరకలేదు.

జూలై 17

సెలవు పొడిగింపు కాగితం ఇవ్వడానికి డిపోకి వెళ్ళాను. నా బస్సు గోడకి మూతి ఆనించి నిలబడి ఉంది, క్లాసులో శిక్ష వేసిన పిల్లలా. కిటికీలోంచి చూశాను. నా సీట్లో ఎవరిదో పూల కుషన్.

కండక్టర్ పలకరించాడు. కొత్త డ్రైవర్ బ్రేకులు మరీ గట్టిగా వేస్తున్నాడని, నిలబడ్డవాళ్ళందరూ నా పేరే తలుచుకుంటున్నారని చెప్పాడు. అబద్ధమైనా బాగుంది.

ఎంక్వైరీ కౌంటర్ వైపు చూడకుండా వచ్చేశాను.

జూలై 19

పందెం వేసుకున్నాం. బుధవారం అన్నిటికన్నా పెద్ద కొండ. ఎక్కి, అవతలి వైపు దిగితే అడుగునే ఫినిష్. ఆ రోజు గడియారం కన్నా ఎద్దు ముందొస్తే జడ్జి గారు గది మధ్యలో నిలబడి నా తీర్పు తప్పు అని ఒప్పుకోవాలి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఆయన నోట రాలేదట. గడియారం ముందొస్తే నేను ఒక సెషన్ మొత్తం ఫిజియో అమ్మాయి ఏం చెప్తే అది చెయ్యాలి. ఎదురు మాట్లాడకుండా.

రెండోది ఎక్కువ శిక్ష అని గదంతా ఏకగ్రీవంగా తేల్చింది. నేను వెంటనే ఒప్పుకున్నాను. దిగుడు ఫినిష్, ఎద్దు. ఇంక దీనికి ఆలోచన దేనికి?

జూలై 22, సాయంత్రం

వరసగా రాస్తాను.

కొండ పైకి ఎద్దు ముందు చేరాడు. ఎక్కుడులోనే! పుల్ల వాడి వెనకే, గడియారం ఇంకా వెనక. నేను సైకిల్ మీద కూర్చుని తొక్కడం మరిచిపోయాను. ఫిజియో అమ్మాయి కూడా టీవీనే చూస్తోంది. ఇంక దిగడమే కదా, జడ్జి గారూ లేచి నిలబడండి అన్నాను.

మూడో మలుపు. ఎద్దు వేగం ఎక్కువైంది. నాకు ముందే తెలిసిపోయింది, బ్రేక్ ఆలస్యంగా పట్టాడు. మలుపు తిరగకుండా నేరుగా గడ్డిలోకి దూసుకుపోయాడు. పడలేదు. సైకిల్ మీదే ఆగాడు. ముందు లోయ, వెనక గట్టు. గడ్డిలోంచి అడ్డంగా కింది రోడ్డు మీదికి దిగిపోదామా అన్నట్టు ఒక్క క్షణం కిందికి చూశాడు.

నేను అరిచాను. ఏమని అరిచానో నాకు తెలీదు, తర్వాత నడుము పేషెంటు చెప్పాడు. "రివర్స్ తియ్యరా నాయనా, రోడ్డు వెనకే ఉంది!" అన్నానట. ట్రైనింగ్‌లో కొత్త డ్రైవర్లకి నేను చెప్పే మాటే అది. రూట్ తప్పితే సిగ్గుపడకు, కండక్టర్ని దింపు, విజిల్ వేయించు, రివర్స్ తియ్యి.

వాడు దిగాడు. సైకిల్ వెనక్కి ఈడ్చాడు. జారుతూ, గడ్డి పట్టుకుంటూ గట్టెక్కాడు. ఈలోగా పుల్ల వెళ్ళిపోయాడు. గడియారం కూడా వెళ్ళిపోయాడు, పక్కకి చూడకుండా. ఎద్దు మళ్ళీ ఎక్కి తొక్కాడు. గడియారం తర్వాత పన్నెండు సెకన్లకి ఫినిష్ చేరాడు. పన్నెండే!

నాకు ఏడుపొచ్చింది. వాడి పని అయిపోయింది, వెనక్కి వచ్చి లాభమేముంది అన్నాను. గెలిచినవాళ్ళు ఎగతాళి చేస్తారనుకున్నాను. జడ్జి గారు తన పెడల్ ఆపి, నావైపు తిరిగి ఒకటే మాట అన్నారు.

"వెనక్కి వచ్చాడనేగా అమ్మా, ఇంకా రేసులో ఉన్నాడు."

ఫిజియో అమ్మాయి మాత్రం, రేపు నాలుగింటికి కదా అక్కా అంది. నవ్వు ఆపుకుంటూ.

జూలై 23

నోటికి తాళం వేసుకుని వెళ్ళాను. అనుకున్నట్టే, వెనక్కి తిప్పమంది.

తిప్పాను. ఆగింది. తుంటి ఎత్తకూడదంది. ఎత్తలేదు. ఊపిరి వదులుతూ వెళ్ళమంది. వదిలాను. తిట్లన్నీ లోపలే. మాట్లాడకూడదు కాబట్టి ఆపండి అనే వీలు కూడా లేదు. పెడల్ మళ్ళీ ఆ రాయి దగ్గరికి వచ్చింది. అదే రాయిని ఈసారి వేరే వైపు నుంచి చూస్తున్నట్టుంది. ఫిజియో అమ్మాయి నా మడమ కింద చెయ్యి పెట్టింది. తొయ్యలేదు, ఊరికే పెట్టింది. జడ్జి గారు టీవీ సౌండ్ తగ్గించారు.

దాటింది.

పెడల్ అవతలి వైపు దిగుతుంటే నాకే నమ్మకం కలగలేదు. కిందికి వచ్చింది. మళ్ళీ పైకి పోయింది. మళ్ళీ దాటింది. నేను ఇంకా మాట్లాడకూడదు. ఏడవకూడదని మాత్రం పందెంలో లేదు.

చప్పట్లు ఆగాక జడ్జి గారు గొంతు సవరించుకుని, ఇది లెక్కలోకి వస్తుందా రాదా అని గదిని అడిగారు. చేతులు జోడించి దండం పెట్టాను. వస్తుంది సార్. మీది కూడా. పద్నాలుగో తారీఖు నుంచి.

జూలై 24

ముందుకి కూడా! మూడు చుట్లు!

జూలై 26

రేసు అయిపోయింది. పుల్ల గెలిచాడు.

గడియారం రెండు, ఎద్దు మూడు. మూడు వారాలుగా మేమిద్దరం గొంతులు చించుకున్నది రెండో స్థానం గురించన్నమాట. జడ్జి గారు అత్తయ్యకి అభినందనలు చెప్పమన్నారు. వీలైతే ఆవిడ వచ్చే ఏడాదికి ముందే అభిప్రాయం తెలియజేయాలని మనవి కూడా చేశారు.

అత్తయ్యకి ఆశ్చర్యమేమీ లేదు. కప్పు ఎత్తుకున్న పుల్లని దగ్గరగా చూసి, ఇప్పుడైనా కడుపునిండా తింటాడా అని అడిగింది. తింటాడు అత్తయ్యా అని హామీ ఇచ్చాను. ఎద్దు మూడో మెట్టు మీద నిలబడి నవ్వుతున్నాడు. మోచేతికి గడ్డి గీరిన గాట్లు కనిపిస్తున్నాయి. ఆయన వంటింట్లోంచి వచ్చి, మనవాడు వీడేనా అన్నారు. మనవాడు అన్నారు. ఇన్నాళ్ళూ ఊఁ కొడుతూ అంతా వింటూనే ఉన్నారన్నమాట.

జూలై 30

రివ్యూ. సర్జన్ మోకాలు వంచి చూసి, మత్తు అక్కర్లేదన్నాడు. ఇంకొన్ని వారాల వ్యాయామం, ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష. అది పాసైతే సీటు నాదే. కౌంటర్ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమని మేనేజర్‌కి చెప్పాను. నేనూ చాలా మర్యాదగానే చెప్పాను.

సెప్టెంబరు 14, ఉదయం 4.50

డిపో. పూల కుషన్ తీసి దాని మనిషికి ఇచ్చేశాను. సీటు ఒక మెట్టు ముందుకి జరిపాను. ఎడమ కాలు క్లచ్ మీద పెట్టి నొక్కాను. అడుగంటా దిగింది.

బస్సు గోడకి మూతి ఆనించి ఉంది. కండక్టర్ వెనక్కి వెళ్ళి విజిల్ వేశాడు.

రివర్స్ గేర్ వేశాను.