గాలి మీద వేసిన నేరం

చిరంజీవి మా మొండిపిల్లకు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ నాన్న మోకాళ్లు తప్ప మేమిద్దరం బాగానే ఉన్నాం. నీకు ఎనిమిదో నెల కదా, కాళ్ల వాపు తగ్గిందా? అల్లుడు నిన్ను బరువులు ఎత్తనివ్వడం లేదని రాశావు. ఆ విషయంలో నీ అదృష్టం నాకంటే మేలు అందామంటే మీ నాన్న పక్కనే ఉన్నారు, ఊరుకుంటున్నాను.

ముందు ఇక్కడి కబురు. మొన్న నేను మాంసం కొట్టే దుకాణంలో వరస తప్పారని ఇద్దరు మగాళ్లు కొట్టుకున్నారు. ఒకడి ముక్కు పగిలి రక్తం నా బల్ల మీద పడింది. రెండోవాడు నా కత్తి అందుకోబోయాడు. వాడి మణికట్టు పట్టుకుని మొద్దుకేసి రెండుసార్లు బాదాను. "చాలక్కా, వదులు! చెయ్యి విరిగిపోద్ది!" అని దుకాణదారు అరిచేదాకా మూడోది వెయ్యబోతున్నానని నాకే తెలియలేదు. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం భయం వేసింది. అరవై దగ్గర పడుతున్నా నా చేతికి ఆ రుచి పోలేదు.

నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. మొదటిది: "నీకీ బ్లాగు పిచ్చి ఎందుకు పట్టిందమ్మా? పడితే పట్టింది, మూడేళ్లయినా ఎందుకు వదల్లేదు?"

పట్టింది నీ మీద కసితోనే. అట్లకాడతో కొట్టిన అమ్మ గురించి, జుట్టు పట్టి నీళ్ల తొట్టిలో ముంచిన అమ్మ గురించి నీ బ్లాగులో రాశావు. ఎవరి పేరూ పెట్టలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ సాయంత్రమే ఫోనులో నాకూ ఒక బ్లాగు పెట్టించుకున్నాను. నువ్వు రాసింది ఒక్కొక్కటీ అబద్ధమని తేల్చేద్దామని. మొదటి వారం పదకొండుసార్లు చూశారని చూపించింది. అందులో తొమ్మిది మీ నాన్నవే.

అబద్ధమని రాయాలంటే ఆ రోజు ఏం జరిగిందో రాయాలి కదా. పాలు ఒలకబోశావని ఒక్క దెబ్బ వేశాను అని మొదలుపెట్టాను. రాస్తుంటే రెండోది గుర్తొచ్చింది. తర్వాత అట్లకాడ వంగిపోవడం గుర్తొచ్చింది. దాన్ని సుత్తితో సరిచేసి, దానితోనే నీకు గుడ్డు వేసిపెట్టాను. ఏడుస్తూనే తిన్నావు. నోటితో అయితే ఎంతైనా బొంకుతాను తల్లీ, రాతలో తప్పించుకోలేకపోయాను.

వదలకపోవడానికి కారణం వేరు. ఏ ఊరో తెలియని ఒకావిడ నా బ్లాగు కింద రాసింది: "ఇవాళ మా పిల్లాడి మీద చెప్పు ఎత్తాను. మీ అట్లకాడ గుర్తొచ్చి కింద పడేశాను." నేను మానేస్తే ఆవిడ చెయ్యి ఏం చేస్తుందోనని వారం వారం రాస్తున్నాను. పొగడ్తల కోసం కూడా రాస్తాను, దాచడమెందుకు.

రెండోది: "కాన్పుకి వస్తావా? బిడ్డని మొదట నీ చేతుల్లోనే పెట్టాలని ఉంది." రావాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ముందు ఇది చదువు.

"అమ్మ అన్నిటితో కొట్టింది. ఈ వంకర వేలు మాత్రం ఆవిడ తప్పు కాదు, గాలికి తలుపు పడింది" అని నీ బ్లాగులో రాశావు. ఆ రోజు నిన్ను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తానని, అది తలుచుకునే మిగతావన్నీ క్షమించానని మొన్నటి ఉత్తరంలో అన్నావు.

ఆ రోజు గాలి ఉన్న మాట నిజమే. కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. నీకు తొమ్మిదేళ్లు. ఎందుకు కొడుతున్నానో ఇప్పుడు గుర్తే లేదు. బెల్టు తప్పించుకుని పక్కింటికి పారిపోతూ, చెప్పులు వేసుకోవడానికి గుమ్మం బయట ఆగావు. నీ వీపు నా వైపు ఉంది. ఎడమ చెయ్యి ద్వారబంధాన్ని పట్టుకుని ఉంది. నేను ఆ వేళ్లు చూశాను. చూసే, రెండు చేతులతో తలుపు తోశాను. రోజంతా ఎముకలు కొట్టేదాన్ని, ఆ చప్పుడు ఏమిటో నాకు తెలియదా? నువ్వు వెంటనే అరవలేదు. ఊపిరి అందాక అరిచావు. మీ నాన్న పరిగెత్తుకొచ్చి "గాలికి పడిందా?" అన్నారు. తల ఊపాను. ఇరవై ఏళ్లుగా అదే నిలిచిపోయింది.

ఇది కూడా బ్లాగు కోసం రాసి పెట్టాను, ఇంకా బయట పెట్టలేదు. లోకం కంటే ముందు నీకు తెలియాలి.

రమ్మంటే వస్తాను. బిడ్డను నా చేతికి ఇవ్వకపోయినా, దూరం నుంచి చూసి, నీ బట్టలు ఉతికిపెట్టి వచ్చేస్తాను. రావద్దంటే అదీ రాయి. ఏం తిట్టాలన్నా నన్నే తిట్టు. ఇకనుంచి గాలిని ఏమీ అనకు.

ఇట్లు,
ఆ తలుపు వేసిన
మీ అమ్మ