రబ్బరు గొట్టం

ఏప్రిల్ 4, 1955. కాశీబుగ్గ

ఢిల్లీశ్వరరావు గారి కారు మళ్ళీ నా షెడ్డుకొచ్చింది. ఆయనది జీడిపప్పు వ్యాపారం. ఆ ముసలి కారు మీదున్న ప్రేమ కన్నబిడ్డల మీద కూడా లేదు. బంకులో కొత్త పెట్రోలు పోయించినప్పటి నుంచి దగ్గుతోందట, ఎత్తు రాగానే ఆగిపోతోందట. దగ్గదా మరి! ఆ పెట్రోలులో పంచదార ఫ్యాక్టరీలో తీసిన పవర్ ఆల్కహాల్ కలుపుతున్నారు. తిన్నగా చెప్పాలంటే సారా. ఈ మద్యనిషేధంలో మనుషులకు దొరకనిది కార్లకు దొరుకుతోంది.

ఏ పెట్రోలు పోసినా నా చేతిలో పడితే పరిగెత్తాల్సిందే అన్నాను ఆయనతో. ఖరగ్‌పూర్‌లో నేర్చుకున్న పని, ఆ మాత్రం చెప్పుకోకపోతే ఎలా?

ఏప్రిల్ 6

పరిగెత్తింది! ఆల్కహాల్ కలిసిన పెట్రోలు ఇంజనుకి ఎక్కువ అందాలి. అందుకని కార్బొరేటర్‌లో పెట్రోలు చిమ్మే జెట్ తీసి కన్నం వెంట్రుకవాసి పెద్దది చేశాను. టైమింగ్ కాస్త ముందుకు జరిపాను. మందస దారిలో ఎత్తంతా టాప్ గేరులోనే ఎక్కేసింది. డ్రైవరు అప్పలరాజు హారన్ కొట్టుకుంటూ వచ్చాడు, ఊరేగింపు తెస్తున్నట్టు.

పాత పెట్రోలుతోనూ కొత్త పెట్రోలుతోనూ మార్చి మార్చి నడపాలి కాబట్టి అస్తమానం ట్యాంకు ఖాళీ చేయాలి. రబ్బరు గొట్టం ఒక కొస ట్యాంకులో వేసి, రెండో కొస నోట పెట్టుకుని పీల్చి, పెట్రోలు నోటికందగానే ఉమ్మేసి డబ్బాలోకి వదలాలి. ఇదివరకు నేనే పీల్చేవాణ్ణి. సారా కలిసిందని తెలిశాక అప్పలరాజుని పీల్చమంటున్నాను. నేను రావివలస మల్లికార్జునస్వామి గుడి అర్చకుడి కొడుకుని. సోమవారాలు అభిషేకానికి నాన్నగారికి నీళ్ళు అందిస్తాను. మోటారు పనికి వెళ్తానన్నప్పుడు ఆయన ఒకటే అన్నారు, ఒంటికి ఎంత మడ్డి అయినా పూసుకో, నోరు మాత్రం శుభ్రంగా ఉంచుకో అని.

అప్పలరాజుది భావనపాడు. రెండేళ్ళ కిందట తాగిన మైకంలో అదే ఊరి జాలరి తవిటయ్య పడవ తాడు కోసేశాడు. పడవ ఒంటరిగా సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ తవిటయ్య కూతురు పెద్దతల్లినే చేసుకుంటానంటాడు. మల్లికార్జునస్వామి మీద ఒట్టేసి చుక్క ముట్టనన్నాకే తవిటయ్య ఊ అన్నాడు. ఇందల సారా ఉందంతన్నారు, నా ఒట్టుకేటీ అవదు గదా పంతులుగోరూ అని అడిగాడు ఇవాళ. నవ్వాను. ఉమ్మేసేది తాగినట్టు కాదురా, ఎవరైనా అడిగితే నేను చెప్తాను అన్నాను.

ఏప్రిల్ 7

నాన్నగారికి పెట్రోలు సంగతి చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

ఏప్రిల్ 14, సాయంత్రం

రాయాలనిపించడం లేదు. రాయకపోతే తిన్నది అరగదు.

ఢిల్లీశ్వరరావు గారు దయతలచి ఇవాళ కారు ఇచ్చారు, తవిటయ్య వాళ్ళని రావివలస తీసుకెళ్ళి నాన్నగారి చేత ముహూర్తం పెట్టించుకోమని. నా ట్యూనింగు నలుగురికీ చూపించుకుందామని నేనూ ముందు సీట్లో ఎక్కాను. వెనక తవిటయ్య, ఆయన భార్య రత్నాలమ్మ, ఊరి పెద్ద ఒకాయన. రత్నాలమ్మ జీవితంలో మొదటిసారి కారెక్కిందట, తలుపు పట్టుకుని వదల్లేదు.

నౌపడా ఉప్పుమడుల దగ్గర కారు ఊగడం మొదలుపెట్టింది. నల్లటి పొగ, ఒక కుదుపు, ఆగిపోయింది. బానెట్ ఎత్తితే కార్బొరేటర్ పొర్లి పెట్రోలు కారిపోతోంది. ట్యాంకులో నీళ్ళు చేరాయేమో, అడుగు పెట్రోలు తీసి చూడమన్నాను. అప్పలరాజు గొట్టం పీల్చాడు. కంగారులో గట్టిగా పీల్చాడు కాబోలు, గుటక పడింది, చొక్కా తడిసింది, దగ్గుతూ కూలబడ్డాడు.

తవిటయ్య దిగి వచ్చి వాడి మొహం దగ్గర మొహం పెట్టాడు. సారా తాగినావురా అన్నాడు. కాదు మావా పెట్రోలు అని వాడు. పెట్రోలు వాసన నాకు తెల్దేటి, ఇది సారాయే అని ఈయన. అందలోనే కలుపుతన్నారు మావా, పంతులుగోర్ని అడుగు అని వాడు నా వైపు చూపించాడు. మీరు అయ్యోరి బిడ్డ, అబద్ధం ఆడరు, సెప్పండి బాబూ, పెట్రోల్లో సారా ఉంటాదేటి అని తవిటయ్య నన్ను అడిగాడు.

కాసేపట్లో వీళ్ళంతా నాన్నగారి ముందు కూర్చుంటారు. మీ అబ్బాయి పొద్దస్తమానం సారాలో చేతులు పెడతాడంటగా అంటారు. నాకు ఆ క్షణాన అదే కనిపించింది, మరొకటి కనిపించలేదు.

పెట్రోలంటే పెట్రోలే, ఇంకేముంటుంది అన్నాను. అని బానెట్ కింద తల దూర్చాను.

వాళ్ళు ఉప్పుమడుల గట్టు మీదుగా వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. అప్పలరాజు గొట్టం చుట్టి సీటు కింద పెట్టాడు, అంతే.

ఏప్రిల్ 15

దోషం దొరికింది. కార్బొరేటర్‌లో పెట్రోలు మీద తేలే ఫ్లోటు బెండుతో చేసింది, పైన లక్క పూత. ఆల్కహాల్ ఆ లక్కని కరిగించేసింది. బెండు తడిసి మునిగిపోయింది. అది తేలితేనే లోపలికొచ్చే పెట్రోలు ఆగుతుంది. జెట్ చూశాను, టైమింగ్ చూశాను, ఫ్లోటు విప్పి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. గొప్ప మెకానిక్‌ని!

ఇత్తడి రేకుతో బోలు ఫ్లోటు చేసి టంకం పెట్టాను. కారు బాగయిపోయింది. దానికేం, సిగ్గా శరమా.

ఏప్రిల్ 18, సోమవారం

అభిషేకానికి వెళ్ళాను. నోరు కడుక్కున్నావా అని నాన్నగారు ఎప్పటిలాగే అడిగారు. కడుక్కున్నానన్నాను. అదైనా నిజమే.

ఢిల్లీశ్వరరావు గారు కబురు పంపారట, పెట్రోలులో ఆల్కహాల్ ఉన్నమాట నిజమేనని. షావుకారు తన డ్రైవర్ని ఎనకేసుకొస్తాడు, అయ్యోరి బిడ్డే లేదన్నాక ఇంకేటి అన్నాడట తవిటయ్య. పెద్దతల్లికి అక్కుపల్లి సంబంధం చూస్తున్నారు. ఈ ముక్కలన్నీ అప్పలరాజే చెప్పాడు, కారు తుడుస్తూ, కారుతో చెప్తున్నట్టు.

నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏప్రిల్ 21

సైకిలు మీద భావనపాడు వెళ్ళాను, పాత బెండు జేబులో వేసుకుని. తవిటయ్య వలకి బెండ్లు కడుతున్నాడు. లేవలేదు. కూర్చోమనలేదు. బెండు తీసుకుని నొక్కాడు, వాసన చూశాడు. సారాలో ముంచి తెచ్చినారేమో అన్నాడు. మొన్న లేదన్నారు, ఈయాల ఉందంతన్నారు, రెండూ మీ నోటి మాటలే, నాను దేన్ని నమ్మాల అన్నాడు.

సోమవారం రావివలస రండి, నాన్నగారి ఎదుట చూపిస్తాను అన్నాను. అన్నానే గానీ, దారి పొడుగునా నా నోటిని నేనే తిట్టుకున్నాను.

ఏప్రిల్ 24

తవిటయ్యకి జ్వరం వస్తే బాగుణ్ణు. ఇలా రాసుకుంటున్నాను చూడు, నేనెలాంటివాణ్ణో.

ఏప్రిల్ 25, సోమవారం

వచ్చాడు. రత్నాలమ్మ, పెద్దతల్లి కూడా వచ్చారు. కారు గుడి బయట రోడ్డు మీద పెట్టించాను. ఇవాళ నేను అభిషేకానికి లోపలికి వెళ్ళలేదు. అది ముగించుకుని నాన్నగారు తడిబట్టలతోనే బయటికొచ్చారు, వీడికేమొచ్చిందోనని.

దూరంగా నిలబడి చెప్పేశాను. ఈ పెట్రోలులో మద్యం కలుస్తుంది నాన్నగారూ, నాకు ముందే తెలుసు, మీకు తెలుస్తుందని భయపడి ఆ వేళ అబద్ధమాడాను అని.

గొట్టం ట్యాంకులో వేసి పీల్చాను. అందగానే ఉమ్మెయ్యలేదు, నోటి నిండా పట్టాను. చిగుళ్ళు మండిపోయాయి, కళ్ళలో నీళ్ళు. అప్పుడు ఉమ్మేసి తవిటయ్య ముందుకెళ్ళి నోరు తెరిచి ఊపిరి వదిలాను. ఆయన వెనక్కి తగ్గాడు. మళ్ళీ ముందుకొంగి వాసన చూశాడు. సారాయే అన్నాడు. పెద్దతల్లి ఫక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాన్నగారు నవ్వలేదు. తిట్టలేదు. అయితే ఇన్నాళ్ళూ ఆ అబ్బాయిని ఎందుకు పీల్చమన్నావు, వాడిది నోరు కాదా అని అడిగారు. పెట్రోలు కన్నా ఆ మాటకే నా నోరు ఎక్కువ మండింది.

లోపలికెళ్ళి పంచాంగం తెచ్చుకుని, మెట్టు మీద కూర్చుని తవిటయ్యని పిలిచారు. వైశాఖంలోనే పెట్టారు ముహూర్తం. లోపలికి వెళ్ళేటప్పుడు, సోమవారాలు నేను అందించే నీళ్ళ బిందె తానే ఎత్తుకున్నారు. అందుకోబోతే వద్దన్నారు.

మే 3

ట్యాంకు ఖాళీ చేయాల్సి వచ్చింది. అప్పలరాజు గొట్టం ఒక కొస ట్యాంకులో వేశాడు. రెండో కొస తన చొక్కాకి శుభ్రంగా తుడిచి నా చేతికిచ్చాడు.

పీల్చాను.