పేరు లేని గొంతు

ఫిబ్రవరి 3, మంగళవారం
మ్యాపు తయారైంది! నా పీహెచ్‌డీ అంతా ఫోను తెర మీద. బోరు నీళ్లు ఉప్పెక్కిన చోటల్లా ఎర్ర చుక్క. నొక్కితే కొలతలు, గ్రాఫులు... ఒక్క చుక్క నొక్కితే మాత్రం ఆ ఊరి కౌలు రైతు సువార్తమ్మ గారి గొంతు. "రొయ్యల చెరువు తవ్విన కాణ్ణించి మా బోరు ఉప్పేనమ్మా. బిందె ఆరితే తెల్లగా చార." మా గైడ్ మేడమ్ రెండుసార్లు విన్నారు. "నువ్వు రాసిన పేజీలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు." సువార్తమ్మ గారి పేరు పెట్టలేదు. ఇల్లు తెలియకుండా చుక్కని కూడా కాస్త పక్కకి జరిపాను.

ఫిబ్రవరి 5, గురువారం
లింకు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. వాళ్ల ఊరి కథ వాళ్లు చూసుకోవాలని... తెలివి తెల్లారినట్టే ఉంది.
సాయంత్రం సువార్తమ్మ గారి ఫోన్. "ఏంటమ్మాయ్, నా మాట ఊరంతా ఇంటన్నారంట?" ఆ చెరువూ, ఆవిడ కౌలుకి చేసే పొలమూ ఒకాయనవే. ఉయ్యూరులో ఉంటాడు. ఆయనా విన్నాడట. వచ్చే ఏడాది కౌలు సంగతి ఆలోచించి చెప్తానన్నాడట.
పేరు దాచానని మురిసిపోయాను. చర్చిలో లేచి సాక్ష్యం చెప్పే మనిషి గొంతు ఊళ్లో ఎవరికి తెలియదు? ఛీ.

ఫిబ్రవరి 6
గొంతు తీసేశాను.

ఫిబ్రవరి 7, శనివారం
మేడమ్ కోప్పడతారనుకున్నా. "పొలం పోతే మన థీసిస్ ఆవిడకి అన్నం పెట్టదు" అన్నారు. మళ్లీ మేడమే, "కానీ ఆ గొంతు లేకపోతే ఎవరు వింటారు..." రెండూ నిజమే.

ఫిబ్రవరి 10, మంగళవారం
గుణదల మేరీమాత తిరునాళ్ల జనం. బస్సు దొరకడమే గగనమైంది. ఊరెళ్లి, క్షమించమన్నాను. ఆవిడ కొన్న టిన్ను నీళ్లతో టీ పెట్టారు.
"తీసేశావంటగా. ఎవరు తియ్యమన్నారు నిన్ను?"
"కౌలు పోతుందేమోనని..."
"పోతే ఏడుస్తా. కానీ నేను చెప్పింది అబద్ధమని తీసేశావంటన్నారు ఊళ్లో. దానికింకా ఏడుపొస్తంది."
నాకు తోచనే లేదు ఈ సంగతి.
"ఒక్కదాన్నైతే పట్టుకుంటారు. సాక్ష్యానికి ఒకళ్లు లేస్తే ఇంకోళ్లు లేస్తారమ్మా. ఆదివారం రా, నీ ఫోను పట్టుకుని."

ఫిబ్రవరి 15, ఆదివారం
ఆరాధన చివర సువార్తమ్మ గారు లేచారు. నేను రికార్డు చేస్తున్నానని, మ్యాపులో పెడతానని ముందే అందరికీ చెప్పారు. తర్వాత బోరు సంగతి. అదే మాట, ఇంకాస్త గట్టిగా. కూర్చున్నారు.
ఫ్యాను చప్పుడు. అందరి చూపులూ చాప మీదే. సగంమంది ఆ ఉయ్యూరు ఆయన పొలాలే చేస్తారు. ఎవరో ఒకరు లేవండమ్మా, అని లోపల్లోపల బతిమాలుకున్నాను.
వెనక వరసలో ఒకామె, ఆయన చెరువులోనే కూలికెళ్లే మనిషి, చెంగు తల మీదికి లాక్కుని లేచింది. నా ఫోను వైపు చూసింది.
"ముందు అది ఆపమ్మా."
ఆపాను. అప్పుడు చెప్పింది. అంతా చెప్పింది. ఆమె వెనకే ఇంకో ముగ్గురు.
రికార్డులో ఉన్నది మాత్రం ఒక్క గొంతే. తిరుగు బస్సు దిగేముందు సువార్తమ్మ గారి ఫోన్ — "పెట్టేశావా?"
ఇంకా లేదన్నాను.
"పెట్టు" అన్నారు. గొంతు కొంచెం వణికింది.
మ్యాపు తెరిచి కూర్చున్నాను, కొత్త రికార్డు ఇంకా పెట్టకుండానే. ఆ చుక్క నొక్కుతున్నాను... ఏమీ వినిపించడం లేదు.