కూర్చునే చోట పసుపు అతుకు

ప్రియమైన అక్కా,

నువ్వు కుట్టిన నిక్కరు అంది రెండు నెలలైంది. కొన్నవన్నీ ఉప్పునీళ్లకి నెలకే చిరిగాయి, ఇది మాత్రం మొండిఘటం. సర్ఫింగ్ బోర్డు పట్టుకుని సముద్రంలోకి వెళ్తుంటే అందరి కళ్లూ వెనక నువ్వేసిన పసుపు అతుకు మీదే! అదెందుకేశావు? నా జట్టువాళ్లు తమకీ కావాలంటున్నారు. కుట్టి అమ్ముదాం, మన బట్టలకి ఓ పేరు పెట్టు.

నీ చేపపిల్ల

---

చేపపిల్లా, చల్లగా ఉండు.

ఎందుకేమిటే? నీ సర్ఫింగ్ బల్లమీద కూర్చుంటే అక్కడ బట్ట అరిగిపోదూ? అందుకే గొడుగు గుడ్డ రెండో పొరగా వేశాను. నేను ఇస్త్రీబల్ల మీద కూర్చుంటే మీ బావ ఊపి పరీక్ష చేశారు. ఇద్దరం కిందపడ్డాం, అతుకు మాత్రం చెక్కుచెదరలేదు. పేరు కూడా ‘పసుపు అతుకు’ అనే పెట్టు.

అక్క

---

చెల్లీ,

ముందుగదిలో ఒక్క మెషీన్‌తో మొదలుపెట్టి, నాలుగేళ్లకి ఫ్యాక్టరీ దాకా వచ్చాం. నిన్న గోడకి కొత్త పోస్టరు అంటించారు. అందులో అమ్మాయి అలమీద నిటారుగా నిలబడి ఉంది! నిలబడతారా? నాకు చెప్పలేదేం? నేను కూర్చునేవాళ్ల కోసం కుడుతున్నానని తెలిసి కుట్టేవాళ్లంతా ముసిముసి నవ్వులు. తల కొట్టేసినట్టయింది. అతుకు దండగని మేనేజరు ఎప్పుడో అన్నాడు. తీసేయమన్నాను. నా మెషీన్ మీద గుడ్డ కప్పేశాను. సముద్రం ముఖమే చూడనిదాన్ని, నాకెందుకీ పని?

అక్క

---

అక్కా,

నువ్వు తప్పు చేశావని నాకెప్పుడూ అనిపించలేదు, ఇంక చెప్పడానికేముంది? వాదించను. టికెట్ పంపుతున్నాను, వచ్చి చూడు.

నీ చెల్లి

---

ప్రియమైన చేపపిల్లా,

ఇల్లు చేరాను. చెవుల్లో ఇంకా ఆ హోరే. నువ్వు పడవలో అలలకవతలికి తీసుకెళ్లినప్పుడు అంచు పట్టుకుని చూస్తూనే ఉన్నాను. అన్ని నీళ్లు ఒక్కచోట ఉంటాయని ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. అక్కడ ఒక్కరూ నిలబడి లేరు! అందరూ బోర్డుల మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో వేలాడేసుకుని, అల కోసం ఎదురుచూస్తున్నారు. “పొద్దంతా ఇంతేనక్కా, నిలబడేది కాసేపే” అన్నావు నువ్వు.

అంతలో అల లేచింది. అందరూ బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోస్తుంటే, ఎటు చూసినా నా పసుపే. ఆ వెంటనే లేచి నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది. నేనూ పడవలో లేచి నిలబడితే చెయ్యి పట్టి కూర్చోబెట్టావు, గుర్తుందా?

మెషీన్ మీది గుడ్డ తీసేశాను. అతుకు మళ్లీ వేయమని మేనేజరుకి చెప్పాను. మీ బావ ఇస్త్రీబల్ల ఊపడానికి సిద్ధంగా ఉన్నారు. ఈసారి నిలబడతానన్నాను.

నీ అక్క