ఎల్లప్ప చూడని కత్తి

కడప, మంగళవారం

రాయచోటి హత్య కేసులో ఉన్నది ఒక్కడే సాక్షి, గొర్రెల కాపరి ఎల్లప్ప. రేపు బోనెక్కాలి. సాయంత్రం కోర్టు వరండాలో, "ముద్దాయి చేతిలో కత్తి నువ్వు కళ్లారా చూసినావా?" అని అడిగాను.

"యాడ చూసినా సామీ? ఆ పొద్దు కొండకాడ గొర్లతో ఉండా. ఇన్‌స్పెక్టరు సారు నేర్పిచ్చినట్ల చెప్తాండా."

ఇన్‌స్పెక్టరు సాక్ష్యం వండిపెడతాడు, కోర్టులో వడ్డించడం నా పని.

పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నా గడువు ఈ నెలాఖరుతో తీరుతుంది. పొడిగించమని ప్రభుత్వానికి రాయాల్సింది కలెక్టరు. ఆయన చూసేది ఎన్ని శిక్షలు పడ్డాయనే.

చూసుకోనీ. రేపు ఎల్లప్పను బోనెక్కించను. సాక్ష్యం లేదని జడ్జిగారికి నేనే చెబుతాను.

పోయినేడు కూడా ఒక్క సాక్షి మాట మీదే ఒక మనిషికి ఉరిశిక్ష వేయించాను. ఆ సాక్షిని ఈ ప్రశ్న అడగలేదు.