కొత్త డిస్కు మీద నరసింహులు

నంద్యాల,
14-8-1984

చెన్నకేశవులు గారికి నమస్కారం.

నిన్న ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా మిల్లు కంప్యూటర్‌లో, మార్చిలో చనిపోయిన మీ తమ్ముడు నరసింహులు పేరుతో ఒక ఫైలు కనిపించింది.

డిస్కు కొత్తది. మీ తమ్ముడితో కలిసి ఈ కంప్యూటర్ చూసుకున్న నేనే సీలు తీశాను. యంత్రాన్ని నడిపే సిస్టమ్‌ను టేపు నుంచి దాని మీదికి ఎక్కించాను. ఇంకా ఎవరూ ఏమీ టైపు చేయలేదు. ఆ ఫైలులో ఇంగ్లీషు అక్షరాలతో ఒక తెలుగు మాట ఉంది: ‘అన్నా, ఈడ్నే ఉండా.’

మీ తమ్ముడి పనిలోకి వచ్చిన మద్దిలేటి, “సచ్చినా ఈ కుర్చీ నాకు ఇడ్సేట్టు లేడప్పా” అని నవ్వాడు. కానీ నిలబడే పని చేశాడు.

ఈ ఉదయం డిస్కు మొత్తం తుడిచి, వేరే టేపుతో సిస్టమ్ మళ్లీ ఎక్కించాను. ఫైలు మళ్లీ వచ్చింది. కింద ఇంకో వరుస చేరింది: ‘అన్నా, బేగా రా.’

అంత్యక్రియల నాడు మీరు, “వాడు నాకేమన్నా చెప్పినాడా అప్పా?” అని అడిగారు. లేదన్నాను. అందుకే రాస్తున్నాను.

రేపు సెలవు, టపా ఉండదు కాబట్టి ఈ ఉత్తరం మనిషి చేత పంపుతున్నాను. ఎల్లుండి ఆళ్లగడ్డ నుంచి బయలుదేరినా ఫైలును చూడగలరు. శుక్రవారం ఉదయం పది గంటలకు, మేనేజరు గారి ఎదుట, ఆ డిస్కును తుడిచి, అమ్మిన కంపెనీకి తిప్పి పంపుతున్నాం.