మోకాళ్ల నొప్పుల వీరనారి

పిన్నీ,

మా మాయాలోకపు గేమ్‌కి కొత్త పాత్రలు గీసి పంపమని ఆన్‌లైన్‌లో మా ఆటగాళ్లందరినీ పిలిస్తే, మారుపేరుతో నువ్వూ పంపావు కదూ? బుకాయించకు. ఇంటికొచ్చిన డ్రాగన్‌ని "ముందు కాళ్లు తుడుచుకుని తగలడు" అని కసిరే వీరనారిని ఇంకెవరు గీస్తారు? చిన్నప్పటినుంచీ నేను తింటున్న తిట్టే కదా అది!

పైగా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కోట మెట్లెక్కలేక మధ్యలో చతికిలబడుతుంది. ఆఫీసులో అందరూ పడీపడీ నవ్వారు. ఆటగాళ్లు మాత్రం ఓట్లన్నీ ఆవిడకే గుద్దేశారు. దాంతో కోటలో మెట్ల మలుపు మలుపుకీ ఒక రాతిబల్ల వేయాల్సొచ్చింది.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు అంటూ నువ్వు ఇంతవరకూ మా ఆఫీసు గడప తొక్కలేదు. నిన్న మా మెట్ల మలుపుల్లోనూ కుర్చీలు వేయించాను. వీరనారిగారు ఎప్పుడు దయచేస్తారు? కాళ్లు మాత్రం తుడుచుకుని రా.

ఇట్లు,
నీ డ్రాగన్